ఇటు నుంచి చూసినా డెబ్బై ఎనిమిదే

నాయన నలభయ్యో దినం ఫాతెహా అయిపోయి, చుట్టాలు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళాక, ఆయన ఇనుప పెట్టె తెరిచే పని నా మీద పడింది. బేతంచెర్ల ఇంట్లో ఆ పెట్టెను ఆయన బతికుండగా ఎవరమూ ముట్టుకోలేదు, ముట్టుకుంటే ఊరుకునే మనిషి కాదు. తీరా తీసి చూస్తే ఏముంది! సౌదీలో ఉన్నన్నాళ్ళ పాత ఇఖామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే గుర్తింపు కార్డులు, రబ్బరు బ్యాండు చుట్టి ఒక కట్ట, చలికాలం టోపీ, సగం వాడిన నొప్పుల మందు, అమ్మ ఫొటో ఒకటి. అన్నిటికీ అడుగున గోధుమరంగు కవరులో నాలుగు మడతలు పెట్టిన పల్చటి ప్లాస్టిక్ కాగితం. విప్పబోతే మడత దగ్గర చిట్లింది. దాని మీద పసుపు మరక, చేపల పులుసు మరక, మార్కరు పెన్నుతో వేసిన గవ్వల బొమ్మలు, మధ్యలో అడ్డంగా ఒక గీత. గీత పక్కన చిన్నపిల్ల చేతిరాతలో రెండు అరబ్బీ అంకెలు. ఆ చేతిరాత నాదే. ముప్పై ఐదేళ్ళ కిందట, నా కళ్ళ ముందే, ఆయన ఉండచుట్టి చెత్తబుట్టలో పడేసిన సుఫ్రా అది.

సుఫ్రా అంటే సౌదీలో నేల మీద పరుచుకుని, చుట్టూ కూర్చుని అన్నం తినే ప్లాస్టిక్ షీటు. చుట్టలుగా దొరుకుతుంది. పూటకింత చింపి పరుస్తారు, తిన్నాక ఎముకలూ ఎంగిలీ అందులోనే మూటగట్టి పారేస్తారు. కంచాలు కడిగే పని ఉన్నా కింద తుడిచే పని లేదని మా అమ్మ ఆ ఒక్కదానికే ఆ దేశాన్ని మెచ్చుకునేది. మిగతా అన్నిటికీ తిట్టేది. నాకు అమ్మ నోరే వచ్చింది. 'దీని నోట్లో నువ్వుగింజ నానదు' అని మా బంధువుల్లో నాకు పేరు. ఎవరింట్లో ఏం జరిగినా నా చెవిన పడితే ఊరంతా తెలిసినట్టే. అలాంటి నా నోట్లో ఒక నువ్వుగింజ ముప్పై ఐదేళ్ళు నానింది. అది ఎలా పడిందో, ఇప్పుడు ఎందుకు ఉమ్మేయాల్సి వచ్చిందో చెప్పుకోవడానికే ఇదంతా.

మేం అప్పుడు ఖతీఫ్‌లో ఉండేవాళ్ళం. ఖర్జూరపు తోటల అంచున ఒక పాత మేడ, కింద భాగం మాది. పొద్దున్నే లేస్తే తోటలకు పెట్టిన నీళ్ళ వాసన, పదింటికల్లా చేపల బజారు వాసన, మధ్యాహ్నం దాటాక వేడెక్కిన సిమెంటు వాసన. అమ్మ జొన్నపిండి ఊరి నుంచి తెప్పించుకునేది. వచ్చేవాళ్ళెవరైనా సంచిలో అయిదు కిలోలు తెస్తే, వాళ్ళకు వారం రోజులు మర్యాదలు. మేం దూదేకులవాళ్ళం, ఇంట్లో తెలుగే. హైదరాబాదు సాయిబులు మా ఉర్దూ విని నవ్వేవాళ్ళు. నాయన పేరు దస్తగిరి. నలుగురిలో ఉర్దూ మాట్లాడాల్సి వస్తే నాయన తల ఊపి సరిపెట్టేవాడు. అమ్మ ఫకీరమ్మ మాత్రం ఎవరితోనైనా తెలుగులోనే కొట్లాడేది, అవతలివాళ్ళకు అర్థమయ్యేది కూడా.

నాయన బేతంచెర్ల నాపరాయి గనుల్లో పెరిగిన మనిషి. రాయిని వేలితో తడితే పొర ఎటు లేస్తుందో చెప్పేవాడు. ఆ విద్యే ఆయనకు సౌదీలో అన్నం పెట్టింది. ఊరి బయట ఒక పెద్ద రేకుల షెడ్డు ఉండేది. ఎప్పుడో నీళ్ళ కోసం, ఇంకా దేని కోసమో ఎడారిలో లోతుగా దొలిచినప్పుడు గొట్టంలోంచి రోకళ్ళలా బయటికి వచ్చిన రాళ్ళను ఆ షెడ్డులో చెక్కపెట్టెల్లో వరసగా పేర్చి దాచారు. వాటిని కోర్లు అంటారు. పెట్టెలు చెదలు పట్టి విరిగిపోతుంటే, రాళ్ళను వరస తప్పకుండా కొత్త పెట్టెల్లోకి మార్చడం నాయన పని. మార్చాక ప్రతి రాయి మీదా నిలువుగా రెండు గీతలు గీయాలి, కుడి పక్క ఎరుపు, ఎడమ పక్క నలుపు. ఆ తర్వాత రాయి ఎక్కడ దొర్లినా, ఎరుపు కుడిపక్కకు వచ్చేలా నిలబెడితే పైభాగం పైకి ఉన్నట్టు. నాయనకు ఈ ఏర్పాటు ఎంత నచ్చిందంటే, బడికి పోయేటప్పుడు నా కుడి జడకు ఎర్ర రిబ్బను, ఎడమ జడకు నల్ల రిబ్బను కట్టించేవాడు. “నువ్వు తలకిందులుగా ఇంటికొస్తే మాకు తెలియాల గదమ్మా,” అని నవ్వేవాడు. బడిలో పిల్లలు ఎగతాళి చేసినా నేను మార్చలేదు.

ఆ షెడ్డులో రాళ్ళు చదివే పెద్దమనిషి ప్రసాదరావు గారు. కాకినాడ ఆయన. కుటుంబం అక్కడే, ఆయనొక్కరే ఇక్కడ. మేం సౌదీకి రాగలిగామంటే ఆయన చలవే. మామూలు కూలీకి పెళ్ళాం బిడ్డలను తెచ్చుకునే వీసా ఇవ్వరు. ప్రసాదరావు గారు 'ఇతను కూలీ కాదు, టెక్నీషియన్' అని ఉత్తరం రాసి, ముదీర్ దగ్గర, అంటే షెడ్డు పెద్ద దగ్గర, కూర్చుని సంతకం పెట్టించుకుని, నాయన ఇఖామాలో ఉద్యోగం మార్పించారు. అందుకని ప్రతి శుక్రవారం ఆయన భోజనం మా ఇంట్లోనే. అమ్మ ఆయన్ను 'అన్నా' అనేది, ఆయన అమ్మను 'చెల్లెమ్మా' అనేవారు. నన్ను మాబున్నిసా అని పిలిచిన గుర్తు లేదు, ఎప్పుడూ 'మాబూ' అనే. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే “ఏవే మాబూ, ఇవాళ మీ అమ్మ నాకేం పెడుతోంది?” అని కేకేసేవారు. చేప ముల్లు తీయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఒక చలికాలం మధ్యాహ్నం, ఆయన బజారులో కొత్త సుఫ్రా చుట్ట కొనుక్కుని వచ్చారు. దాన్ని మేడ మీదికి పట్టుకెళ్ళి, ఆ గోడ నుంచి ఈ గోడకూ, మళ్ళీ ఈ గోడ నుంచి ఆ గోడకూ మొత్తం విప్పేశారు. గాలికి లేవకుండా ఇంట్లో ఉన్న చెప్పులూ గిన్నెలూ అన్నీ బరువు పెట్టించారు. అమ్మ మెట్ల మీద నిలబడి “ఓయమ్మో, చుట్టంతా నాశనం చేస్తిరి గదన్నా!” అని మొత్తుకుంది.

“నాశనం కాదు చెల్లెమ్మా. ఇది భూమి వయసు. ఈ కొస భూమి పుట్టిన రోజు, ఆ కొస ఇవాళ. మధ్యలో ఎప్పుడు ఎవరు పుట్టారో, ఎవరు పోయారో మన మాబూకి గీసి పెడతాను. తర్వాత మామూలుగా పూటకింత చింపుకుని దీని మీదే తిందాం,” అన్నారు.

మార్కరు పెన్నులు షెడ్డువే, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. మోకాళ్ళ మీద పాక్కుంటూ రెండు గంటలు గీశారు. ఎక్కువ భాగం ఖాళీగా వదిలేశారు, అక్కడక్కడ చుక్కలు తప్ప. అంతకాలం కంటికి కనిపించని జీవులే ఉన్నాయట. ఇక చివరి గోడ దగ్గరకు వచ్చాక మాత్రం ఒకటే తొందర. గవ్వలు, పురుగులు, చేపలు, బల్లులు, చెట్లు. ఒకచోట అడ్డంగా గీత గీసి, దాని అవతల ఏమీ వేయకుండా కొంత మేర వదిలేసి, మళ్ళీ మొదలుపెట్టారు. మనుషులు ఏరి అని అడిగితే, చుట్ట చిట్టచివరి అంచు మీద వేలిగోటితో గీరి “ఇదుగో, ఇంతే” అన్నారు. మా నాయన ఆ గోటి గీత దగ్గర చాలాసేపు కూర్చున్నాడు.

అప్పటి నుంచి మా ఇంట్లో ప్రతి పూటా ఏదో ఒక కాలంలో భోజనం. వారాల తరబడి ఖాళీ సుఫ్రాల మీద తిన్నాం. అమ్మ రోజూ అడిగేది, “ఇంకా ఏమీ పుట్టలేదామే?” అని. “చుక్కలే అమ్మా,” అనేదాన్ని. “అన్ని కోట్ల ఏండ్లు ఏం చేసినాడో ఆ దేవుడు, చేతులు ముడుచుకుని,” అని గొణిగేది, వెంటనే తౌబా అని చెంపలు వేసుకునేది. మొదటి గవ్వ బొమ్మ వచ్చిన పూట ఇంట్లో పండగ. చేపల కాలం వచ్చిన పూట అమ్మ పట్టుబట్టి చేపే వండింది. నాకు సైన్సు మీద ఇష్టం పుట్టింది ఏ బడిలోనూ కాదు, ఆ నూనె మరకల మీదే. ఇవాళ సౌదీలోనే యాన్బులో ఆరో తరగతి పిల్లలకు సైన్సు పంతులమ్మనని చెప్పుకుని తింటున్నానంటే ఆ చుట్ట పుణ్యమే.

ఆ రోజుల్లోనే ప్రసాదరావు గారికి డెబ్బై ఎనిమిదో పెట్టె దొరికింది. దొరకడమంటే, నాయన కొత్త పెట్టెల్లోకి మార్చి గీతలు గీసి వరసలో పెట్టిన వాటిని ఆయన చదువుతూ వచ్చి దాని దగ్గర ఆగిపోయారు. ఆ గీత ఉందే, సుఫ్రా మీద అడ్డంగా గీసింది, అది పర్మియన్ కాలం ముగిసిన చోటు. పాతిక కోట్ల ఏళ్ళ కిందట సముద్రాల్లో ఉన్నవాటిలో నూటికి ఎక్కువ పాళ్ళు చచ్చిపోయాయట. ఆయన ఈ మాట చెప్పినప్పుడు అమ్మ ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపి, “అందరూనా? పిల్లోళ్ళు కూడానా?” అని అడిగింది. “పిల్లా పెద్దా లేదు చెల్లెమ్మా,” అన్నారు. రాతిలో ఆ గీతకు కింద గవ్వలు కిటకిటలాడుతుంటాయి, పైన ఏమీ ఉండదు. అలా ఉండాలి. కానీ డెబ్బై ఎనిమిదో పెట్టెలో కింద వట్టి రాయి, దాని పైన మళ్ళీ గవ్వలు. అంటే ఆ మహాచావు తర్వాత కూడా ఈ ఒక్క చోట కొన్ని బతికి బట్టకట్టాయి, సముద్రం వాటిని ఎక్కడో ఒక మూల దాచుకుంది. అదీ ఆయన చదివింది. ఆ నెలలో ఆయన మొహం పెళ్ళికొడుకు మొహంలా ఉండేది. మా అమ్మ కూడా సంబరపడిపోయింది. “పోన్లే, కొన్నన్నా మిగిలినాయి,” అంది.

గీత ఉన్న సుఫ్రాను శుక్రవారం దాకా దాచమని ఆయన ముందే చెప్పారు. ఆ శుక్రవారం అమ్మ చేపల పులుసు, జొన్నరొట్టె చేసింది. నమాజు నుంచి నాయన వచ్చాడు, వెనకే ప్రసాదరావు గారూ వచ్చారు. సుఫ్రా పరిచాం. నాయన ఒక పక్క, ఆయనకు సరిగ్గా ఎదురుగా నేను. ప్రసాదరావు సార్ మా ఇద్దరికీ అడ్డంగా, గోడకు ఆనుకుని. నడుం నొప్పి ఆయనకు. రేపు శనివారం రిపోర్టు పంపించేస్తున్నానని, దాంతో పెద్ద పెద్ద వాళ్ళు ఈ షెడ్డు చూడ్డానికి వస్తారని, దస్తగిరి పేరు కూడా అందులో రాశానని చెబుతూ తింటున్నారు. నాకు ఒళ్ళు తెలియని సంతోషం. పులుసు అంటని చేత్తో మార్కరు తీసుకుని, ఆ గీత పక్కన మా పెట్టె నంబరు అరబ్బీలో రాశాను, ٧٨ అని. పెట్టెల మీద అలాగే రాసి ఉంటుందని నాయన నేర్పాడు. అరబ్బీ ఏడు వెల్లకిలా తెరుచుకుని ఉంటుంది, ఎనిమిది దాన్నే బోర్లా పెట్టినట్టు ఉంటుంది. అంతే తేడా.

నాయన రొట్టె తుంచుతూ చూసి, “అదేందిమే, నా పక్కకు తిప్పి రాసినావు?” అన్నాడు.

“నీ పక్కకు కాదు నాయనా, నా పక్కకే రాసినా.”

“నాకు నేరుగా కనపడుతాంది గదా. డెబ్బై ఎనిమిది.”

“నాకూ నేరుగానే ఉంది. డెబ్బై ఎనిమిదే.” అర్థం కాగానే ఎగిరి గంతేశాను. “నాయనా, ఇటు నుంచి చూసినా డెబ్బై ఎనిమిదే, అటు నుంచి చూసినా డెబ్బై ఎనిమిదే!”

నాయన చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. నా మొహంలోకి చూశాడు. అప్పుడు నాకూ వెలిగింది. పదకొండేళ్ళ పిల్లనైతేనేం, ఎర్ర రిబ్బను కుడి పక్కకు కట్టుకుని తిరిగిన పిల్లను. మామూలుగా పెట్టెను తిప్పి పెడితే నంబరు తలకిందులై పట్టిస్తుంది. ఈ పెట్టె పట్టివ్వదు. పాత పెట్టెను అటుది ఇటు తిప్పి నేల మీద పెట్టుకుని, రాళ్ళన్నీ ఆ వరసలోనే కొత్తదాంట్లోకి మార్చి, కుడి పక్క ఎరుపు, ఎడమ పక్క నలుపు గీసేసి ఉంటే? బతికి బట్టకట్టినవేవీ లేవు. చచ్చినవాటినే నాయన పైకి తెచ్చి పెట్టాడు. అడ్డంగా కూర్చున్న సార్‌కు ఆ అంకెలు ఎలా కనిపించాయో తెలియదు. ఆయన ధ్యాస చేప తల మీద ఉంది. “ఏంటే మాబూ గొడవ?” అన్నారు తలెత్తకుండా. నేను నోరు తెరిచాను. నాయన కళ్ళతోనే ఆపాడు. “ఏం లేదు సార్, లెక్కలు చెబుతాంది,” అన్నాడు. ఇంకా అమ్మ తినడం కాకముందే సుఫ్రా నాలుగు కొసలూ పట్టుకుని, ముళ్ళతో సహా ఉండచుట్టి చెత్తబుట్టలో పడేశాడు.

మర్నాడు మధ్యాహ్నమే నాయన ఇంటికి వచ్చేశాడు. నేను వంటింటి పరదా వెనకాల ఉన్నాను. సార్ ఒకసారి నేర్పిన సంగతి ఉంది, గవ్వ లోపల సగం బురద, సగం తెల్లరాయి ఉంటుంది, బురద ఎటుంటే అటే అడుగు, గ్లాసులో మిగిలిన మజ్జిగ లాగా. నాయన పొద్దున్నే భూతద్దం పట్టుకుని పోయి చూశాడట. ప్రతి గవ్వలోనూ బురద పైన ఉందట. “సార్ కాగితాలు ఇంకా పంపలేదు. సాయంత్రం పంపుతాడంట. పోయి చెప్పేసి వస్తా,” అన్నాడు. చెప్పులు కూడా విప్పలేదు. అమ్మ అడ్డం నిలబడింది. “చెప్తే ఏమైతాది? టెక్నీషియన్ అని రాయించి తెచ్చుకున్నోనివి. పెట్టె తిప్పి పెట్టినోడు టెక్నీషియన్ ఎట్లయితాడని ముదీర్ అడగడా? మళ్ళా కూలీ అని రాస్తాడు, మమ్మల్ని పంపిస్తాడు. మాబు బడి ఏమైతాది?” అంది. నాయన చాలాసేపు గుమ్మంలో నిలబడ్డాడు. తర్వాత చెప్పులు విప్పాడు. ఆ చెప్పులు విప్పిన చప్పుడు నేను విన్నాను. అమ్మ పాపిష్టిది కాదు, అన్నం పెట్టిన చేతిని ఎన్నడూ మరిచిన మనిషి కాదు. అన్నిటికన్నా నేనే ఎక్కువయ్యాను ఆమెకు, అంతే. నా బడి కోసం ఒక మంచి మనిషిని మేం ముగ్గురం కలిసి మునగనిచ్చాం.

ఎందుకు ముగ్గురం అంటున్నానంటే, చెప్పడానికి నాకు వీలు లేక కాదు. సార్ ఇల్లు మా వీధి చివరే. రోజూ ఆ గుమ్మం ముందు నుంచే బడి బస్సు. ఆ మరుసటి శుక్రవారం ఆయన ఖర్జూరాలు పట్టుకుని వచ్చి “పంపేశాను!” అన్నప్పుడు నేను ఎదురుగానే ఉన్నాను. నాయనకు ఆ పూట ముద్ద దిగలేదు. నాకు దిగింది, అది కూడా చెప్పాలి. పిల్లల ఆకలి పిల్లలది.

కొన్ని నెలలకు రాళ్ళు చూడ్డానికి ఎవరో పెద్దాయన వేరే దేశం నుంచి వచ్చాడు. నాయన అక్కడే నిలబడి ఉన్నాడు. ఆ మనిషి డెబ్బై ఎనిమిదో పెట్టెలోంచి ఒక రాయి తీసి, భూతద్దం పెట్టి చూసి, ఒక్క మాట కూడా అనకుండా రాయిని తలకిందులు చేసి సార్ చేతిలో పెట్టి, భూతద్దం కూడా ఆయనకే ఇచ్చాడట. సార్ చూసి, అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయారట. మజ్జిగ గ్లాసు సంగతి మా నాయనకు నేర్పిన మనిషి, సంతోషంలో తాను చూసుకోలేదు. రిపోర్టు వెనక్కి తీసుకున్నారు. ఇలాంటి మనిషి చదివిన మిగతా పెట్టెల మాటేమిటని పైవాళ్ళు అడిగారు. ఆయన కాంట్రాక్టు అయిపోయింది, దేశం వదిలి పొమ్మని పాస్‌పోర్టులో ఎగ్జిట్ కొట్టేశారు. పెట్టెలు మార్చింది ఎవరని ముదీర్ అడిగితే సార్ ఏమన్నారో నాయన అమ్మకు చెబుతూ ఏడ్చాడు. “సర్దినవాడి తప్పు కాదు, ఆ నంబరే అలాంటిది. చదవాల్సింది నేను,” అన్నారట.

వెళ్ళే ముందు శుక్రవారం కూడా మా ఇంటికి భోజనానికి వచ్చారు. పెద్దగా తినలేదు. చెయ్యి కడుక్కుని తుడుచుకుంటూ నాయన భుజం మీద చెయ్యి వేశారు. “మనసులో పెట్టుకోకు దస్తగిరీ. తెలియక జరిగింది. నీకు తెలిసుంటే నా దగ్గరికి పరిగెత్తుకుని రావూ?” అన్నారు. నాయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నేను నీళ్ళ చెంబు పట్టుకుని ఆ పక్కనే ఉన్నాను. “మాబూ, బాగా చదువుకో,” అని నా ఎర్ర రిబ్బను లాగి వెళ్ళిపోయారు. ఆ గీత పూట తర్వాత మేం మళ్ళీ విప్పని సుఫ్రా చుట్ట, బల్లులూ చెట్లూ మనుషుల గోటి గీతా ఉన్నది, అమ్మ ఎవరికో ఇచ్చేసింది. నేను అడగలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో ఒక్కటే మారింది. నాయన నాకు ఎదురుగా కూర్చుని తినడం మానేశాడు. ఎప్పుడు తిన్నా నా పక్కనే, భుజం భుజం తగిలేలా కూర్చునేవాడు. చూసేవాళ్ళు కూతురంటే ఎంత ప్రేమో అనుకునేవాళ్ళు. నా పెళ్ళిలోనూ అంతే, హఫర్ అల్ బాతిన్‌లో ఆఖరు కాంట్రాక్టు చేస్తున్నప్పుడు చూడ్డానికి పోతే అక్కడా అంతే, బేతంచెర్లలో మంచం పట్టాక కూడా, నేను ఎదురుగా స్టూలు వేసుకుంటే “ఈ పక్కకు రామ్మా” అనేవాడు. ఆ సంగతి మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. చెత్తబుట్టలోంచి దాన్ని ఎప్పుడు తీశాడో, చేపముళ్ళు దులిపి ఎప్పుడు కడిగాడో, ఎన్ని ఇళ్ళు మారినా ఎలా దాచాడో, ఎవరికి ఇద్దామని దాచాడో నాకు తెలియదు. అప్పుడు మా ఇంట్లో ఒక్క దీపం కింద నలుగురం నేల మీద కూర్చుని తింటూ ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. ఇప్పుడు యాన్బులో నాకు ఆరుగురు పట్టే డైనింగ్ టేబులుంది. మా ఆయన షిఫ్టు ఆయనది, నా ఫోను నాది. మూల మీద బకాలాలో, అదే కిరాణాకొట్టులో, సుఫ్రా చుట్టలు ఇప్పటికీ వేలాడుతుంటాయి. నేను కొనను. ఆరో తరగతిలో భూమి చరిత్ర పాఠం వస్తే పుస్తకంలో ఉన్న రంగుల పట్టిక చూపించి ఒక్క పీరియడ్‌లో ముగించేస్తాను. పిల్లలు ప్రశ్నలు అడిగితే విసుక్కుంటాను.

ఊరి నుంచి తిరిగొచ్చిన రెండు వారాలకు, మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫొటో పెట్టారు. అల్ ఖోబార్‌లో కొడుకు ఇంటికి వచ్చిన తండ్రికి పుట్టినరోజు కేకు కోయిస్తున్నారు. ముసలాయన నవ్వు చూసి గుర్తుపట్టాను, ప్రసాదరావు గారే. మా ఆయన “ఇప్పుడెందుకే, పోయినోళ్ళు పోయినారు. ఆయప్ప ప్రశాంతంగా ఉన్నాడు, నువ్వు పోయి కెలుకుతావా?” అన్నాడు. నిజమే. అయినా అల్ ఖోబార్‌కు పక్కనే ఉన్న దమ్మామ్‌కి టికెట్ తీసుకున్నాను. సుఫ్రాను రెండు అట్టల మధ్య పెట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

కోడలు తలుపు తీసింది. సార్ కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు, సన్నబడి చిన్నపిల్లాడంత అయిపోయారు. పేరు చెప్పగానే రెండు చేతులూ చాచారు. “మాబూ! ఏవే, ఎర్ర రిబ్బను కుడిపక్కకేనా?” అన్నారు. నాయన పోయాడని చెబితే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కాకినాడ వెళ్ళాక మళ్ళీ రాయి ముట్టుకోలేదట, ట్యుటోరియల్ కాలేజీలో లెక్కలు చెప్పారట. “అందరూ తలో మాటా అన్నారు మాబూ. నేనే కావాలని తిప్పానని కూడా అన్నారు, పేరు కోసం. నాకు మనిషి మీద నమ్మకం పోకుండా ఉందంటే మీ నాన్న వల్లే. పాపం, అమాయకుడు. తెలిసుంటే చెప్పేవాడు.”

నేను ఆ మాట దగ్గర ఆగిపోయి లేచి వచ్చేయొచ్చు. వచ్చేయాల్సిందేమో కూడా. కానీ నాయన ఆ సుఫ్రాను దాచింది నా కోసం కాదని నాకు అప్పుడు అనిపించింది. బ్యాగులోంచి అట్టలు తీసి, టీపాయ్ మీద సుఫ్రా పరిచి, ఆయనకు ఎదురుగా కూర్చున్నాను.

ఆయన మొదట తన బొమ్మలను మురిపెంగా చూసుకున్నారు. గవ్వ మీద వేలు పెట్టి నిమిరారు. తర్వాత వేలు గీత దాకా వచ్చింది, అంకెల దగ్గర ఆగింది. ఆ అంకెలను చూశారు, నన్ను చూశారు, మళ్ళీ అంకెలను చూశారు.

“ఇది నేను రిపోర్టు పంపే ముందు రోజుది కదూ?”

“అవును సార్.”

“మీ నాన్న ఎక్కడ కూర్చున్నాడు?”

“ఇప్పుడు మీరున్న చోట.”

“నేను ఈ పక్కన. గోడ దగ్గర.” ఆయన తల ఊపుకున్నారు. కాసేపటికి అడిగారు. “మరి నువ్వు?”

“ఇక్కడే సార్. ఎదురుగా.”

చిన్నపిల్లవి, నీకేం తెలుసు అంటారని చూశాను. ఆ మాట కోసమే అంత దూరం వచ్చానని, నాయన తప్పు చెప్పే వంకతో నా తప్పు దించుకుపోవడానికే వచ్చానని, ఆ క్షణంలో నాకు సిగ్గుగా తెలిసింది. ఆయన అనలేదు. సుఫ్రాను పాత మడతల మీదే జాగ్రత్తగా మడిచి, అట్టల మధ్య పెట్టి, నా వైపు జరిపారు. ఒంటిగంట దాటింది. లోపల చేపల పులుసు దింపినట్టున్నారు, ఇల్లంతా ఆ వాసనే.

“మావయ్యగారూ, నాలుగు కంచాలు పెట్టనా?” వంటింట్లోంచి కోడలు అడిగింది.

“మనకే పెట్టమ్మా,” అన్నారు ప్రసాదరావు గారు. “ఆవిడ బయల్దేరుతున్నారు.”